చెరిపేసిన 95

నా తొమ్మిదో తరగతి సైన్సు ప్రాక్టికల్ ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది. నాన్నగారికి బదిలీ ఆర్డరు వచ్చినప్పుడల్లా అమ్మ పాత పుస్తకాలు, నోట్సులు కిలోల లెక్కన అమ్మేస్తుంది. లారీలో చోటు ఉండదు కదా! కానీ ఈ ఒక్క ఫైలును మాత్రం నేను ఇవ్వలేదు. అందులో ఒక పేజీలో '100' అని నీలం ఇంకుతో రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, దాని కింద రబ్బరుతో చెరిపేసిన '95' కనిపిస్తుంది.

ఆ అంకెను చెరిపింది నేనే. ఎందుకు చెరిపానో చెప్పాలంటే మొదట ఒక కొండ ఊరి గురించి, తర్వాత మాస్కోలో పనిచేసిన ఒక రసాయన శాస్త్రవేత్త గురించి చెప్పాలి.

నాన్నగారు కేంద్ర ప్రభుత్వ లెక్కల ఆఫీసులో పనిచేస్తారు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మేము విశాఖపట్నం నుంచి ఒక కొండ ఊరికి వెళ్లాం. సముద్రం పక్కన పెరిగినదాన్ని, మబ్బులు కిటికీలోంచి ఇంట్లోకి రావడం అక్కడే మొదటిసారి చూశాను. కొత్త ఊళ్లో అమ్మకు మొదటి వారంలోనే వంటతో గొడవ మొదలైంది. ఆమె అన్నం గిన్నెలో వండి గంజి వారుస్తుంది. ఎప్పుడూ ఉడికించినంత సేపే ఉడికించినా మెతుకు మధ్యలో పలుకు మిగిలిపోయేది. "ఈ ఊరి నీళ్లలోనే ఏదో ఉందే" అనేది అమ్మ. నాన్నగారు బియ్యం మార్చి చూశారు. అయినా పలుకు పోలేదు.

స్కూల్లో చేరిన మూడో వారంలో ప్రాక్టికల్ వచ్చింది. మంచు కరిగే ఉష్ణోగ్రత, నీరు మరిగే ఉష్ణోగ్రత కనుక్కోవాలి. నలుగురికి ఒక బీకరు, ఒక థర్మామీటరు. కొత్తదాన్ని కాబట్టి నాకు థర్మామీటరు చూసే పని ఇచ్చారు. తక్కిన ముగ్గురూ కబుర్లలో పడ్డారు. నీళ్లు కుతకుత మరుగుతున్నాయి, ఆవిరి వస్తోంది, పాదరసం మాత్రం 95 దగ్గర ఆగిపోయింది. ఐదు నిమిషాలు చూశాను. ఒక్క గీత కూడా పైకి కదల్లేదు. ఫైల్లో పెన్సిలుతో 95 అని రాశాను.

మా గుంపులో మిగతావాళ్లు వంద వేశారు. "పుస్తకంలో అదే ఉంది కదా" అన్నారు. ఫైళ్లు దిద్దే రోజు టీచర్ నా ఫైలు ఎత్తి చూపించి, నీరు ఎంత దగ్గర మరుగుతుందో ఆరో తరగతి పిల్లల్ని అడిగినా చెబుతారని అన్నారు. క్లాసంతా నవ్వింది. థర్మామీటరు గుండు నీళ్లలో మునిగేలా పట్టుకుని ఉండను, సరిచేసి తీసుకురమ్మన్నారు.

ఆ సాయంత్రం అమ్మ ఫోనులోంచి విశాఖలోని నా పాత స్నేహితురాలికి ఫోన్ చేశాను. అదే సిలబస్, అదే ప్రాక్టికల్. "మీకు ఎంత వచ్చింది?" అని అడిగాను. "వంద. ఇంకెంత వస్తుందే?" అంది. తను ఫైల్లో రాయడానికి చెప్పే రకం కాదు, నిజంగానే చూసి ఉంటుందని నాకు తెలుసు. దాంతో నా కళ్ల మీద నాకున్న కాస్త నమ్మకం కూడా పోయింది. రబ్బరు తీసి 95 చెరిపేసి, దాని మీద 100 రాశాను. మార్కులు పూర్తిగా పడ్డాయి. ఆ తర్వాత ఆ క్లాసులో నాకు స్నేహితులు కూడా దొరికారు. ఆ సంగతి అంతటితో మరిచిపోవలసిందే.

ఈ సంవత్సరం ఇప్పటి మా స్కూల్లో జరిగిన సైన్సు ఎగ్జిబిషన్‌లో అది మళ్లీ గుర్తుకొచ్చింది. దగ్గర్లోని కాలేజీ విద్యార్థులు ఒక ప్రయోగం చూపించడానికి వచ్చారు. బీకరులో ఎర్రటి ద్రావణం. అడుగున అయస్కాంతపు ముక్క గిర్రున తిరుగుతూ దాన్ని కలుపుతోంది. చూస్తుండగానే ద్రావణం మొత్తం ఒక్కసారిగా నీలంగా మారింది. రంగు మారే ప్రయోగాలు మేము చాలా చేశాం, కాబట్టి ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. కాసేపటికి అది మళ్లీ ఎర్రబడింది. తర్వాత మళ్లీ నీలం, మళ్లీ ఎరుపు. ఎవరూ బొట్టు కూడా వేయడం లేదు, ఎవరూ ముట్టుకోవడం లేదు. భోజనం గంట కొట్టినా నేను అక్కణ్ణించి కదల్లేదు. "దీని పేరు బెలౌసోవ్-జబోతిన్‌స్కీ చర్య. మొదట కనిపెట్టినాయన చెబితే ఎవరూ నమ్మలేదు" అన్నారు కాలేజీ అన్నయ్యలు. ఎవరూ నమ్మలేదన్న మాట వినగానే నాకు నా ఫైలు గుర్తుకొచ్చింది.

రష్యన్ పేర్లు నాకు కొత్త కాదు. తెనాలిలో మా తాతయ్య బీరువా నిండా సోవియట్ పుస్తకాలే. మాస్కోలో తెలుగులో అచ్చయి, ఓడల్లో వచ్చి, విశాలాంధ్ర షాపుల్లో చాలా తక్కువ ధరకు అమ్ముడైన పుస్తకాలు అవి. మన స్కూళ్లలో నేను చదివింది హిందీ, సంస్కృతం. తెలుగు చదవడం వేసవి సెలవుల్లో ఆ నున్నటి కాగితాల మీదే నేర్చుకున్నాను. అందుకే బెలౌసోవ్ అనే పేరు వినగానే తాతయ్య బీరువాలోని మనిషే ఎవరో అనిపించింది. లైబ్రరీలో దొరికినంత వెతికి ఆయన గురించి చదివాను.

బోరిస్ పావ్లోవిచ్ బెలౌసోవ్ 1893లో మాస్కోలో, ఒక బ్యాంకు ఉద్యోగి ఇంట్లో పుట్టాడు. ఇంటినిండా పిల్లలు. అన్నయ్య జారు ప్రభుత్వానికి వ్యతిరేకంగా పనిచేసే విప్లవకారుల్లో చేరి, తమ్ముళ్లను కూడా ఆ దారిలోకి లాగాడు. 1905 విప్లవం నాటికి బోరిస్‌కు పన్నెండేళ్లు. ఆయనకు రసాయన శాస్త్రం మీద ఇష్టం పుట్టింది బడిలో కాదు, ఆ విప్లవకారులు రహస్యంగా తయారు చేసే మందుగుండు దగ్గర! తర్వాత పోలీసులు పట్టుకోవడంతో కుటుంబం దేశం వదిలి స్విట్జర్లాండ్ వెళ్లిపోవలసి వచ్చింది. జ్యూరిచ్‌లో ఆయన రసాయన శాస్త్రం చదివాడు. పాఠాలన్నీ విన్నాడు గాని, పట్టా తీసుకోవడానికి కట్టవలసిన డబ్బు లేక పట్టా లేకుండానే మిగిలిపోయాడు.

ఇల్లు మారడం, దేశం మారడం, భాష మారడం, కొత్త బడిలో ఎవరికీ తెలియని పిల్లాడిలా కూర్చోవడం... ఇవి చదువుతుంటే నాకు ఆయన దగ్గరివాడిలా అనిపించాడు. మనకు బదిలీ ఆర్డరు వస్తుంది, క్వార్టర్ ఇస్తారు, ఊరు ఏదైనా అదే యూనిఫాం, అదే సిలబస్. ఆయనకు అవేమీ లేవు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే బెలౌసోవ్ రష్యాకు తిరిగి వచ్చాడు. సైన్యంలో చేరతానంటే బరువు చాలదని పంపేశారట. ఇపాత్యేవ్ అనే పెద్ద రసాయన శాస్త్రవేత్త దగ్గర సైన్యానికి సంబంధించిన పరిశోధనలో పని దొరికింది. విప్లవం తర్వాత ఎర్రసైన్యం అధికారులకు రసాయన శాస్త్రం బోధించాడు. విషవాయువుల నుంచి సైనికుల్ని కాపాడే పద్ధతుల మీద పనిచేశాడు. బ్రిగేడ్ కమాండర్ హోదా దాకా ఎదిగాడు. సైన్యం నుంచి విరమించాక మాస్కోలో ఒక జీవభౌతిక పరిశోధన సంస్థలో ప్రయోగశాల నడిపాడు. చేసిన పనిలో చాలా భాగం రహస్యం. కాబట్టి బయటి శాస్త్రవేత్తలకు ఆయన పేరు పెద్దగా తెలియదు. పైగా పట్టా లేదు.

1951 నాటికి ఆయనకు 58 ఏళ్లు. మన శరీరంలోని కణాలు ఆహారం నుంచి శక్తిని తీసుకునే పద్ధతిలో సిట్రిక్ ఆమ్లం చక్రంలా తిరిగి తిరిగి తయారవుతూ ఉంటుంది. పన్నెండో తరగతి వాళ్లకు అది క్రెబ్స్ చక్రంగా తెలుసు. అలాంటిదాన్ని గాజు పాత్రలో, జీవకణాలు లేకుండా చేసి చూడాలనుకున్నాడు బెలౌసోవ్. నిమ్మకాయలో ఉండే సిట్రిక్ ఆమ్లం, పొటాషియం బ్రోమేట్, కొంచెం సల్ఫ్యూరిక్ ఆమ్లం తీసుకుని, చర్యను వేగవంతం చేయడానికి సీరియం అనే లోహపు లవణం కలిపాడు. సీరియం ఒక స్థితిలో పసుపుపచ్చగా ఉంటుంది, ఇంకో స్థితిలో రంగు ఉండదు. చర్య ముగిసేసరికి ద్రావణం రంగు ఒకసారి మారి అలాగే ఉండిపోవాలి. కానీ అది పసుపుపచ్చ అయింది, రంగు పోయింది, మళ్లీ పసుపుపచ్చ అయింది, మళ్లీ రంగు పోయింది. గడియారంలా అదే వరస.

ఆయన దాన్ని జాగ్రత్తగా కొలిచి, వ్యాసం రాసి పత్రికకు పంపాడు. ఇలా జరగడం అసాధ్యమని చెప్పి సంపాదకుడు తిప్పి పంపాడు.

ఆ సంపాదకుణ్ణి తెలివితక్కువవాడు అనుకోవడం తేలిక. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ ఆయన చేతిలో ఉష్ణగతిక శాస్త్రపు రెండో నియమం ఉంది. మనం పదకొండో తరగతిలో చదివేది అదే. దాని ప్రకారం ఏ రసాయన చర్య అయినా సమతాస్థితి వైపే నడుస్తుంది, తనంతట తాను వెనక్కి రాదు. కాలిన అగ్గిపుల్ల మళ్లీ కొత్త అగ్గిపుల్ల అయి మళ్లీ కాలిందని ఎవరైనా రాస్తే మనం అచ్చు వేస్తామా? బెలౌసోవ్ వ్యాసం సంపాదకుడికి అలా కనిపించింది.

నియమం తప్పు కాదు. నియమాన్ని ఎక్కడ పెట్టి చూడాలన్న దగ్గరే పొరపాటు జరిగింది. కొండ వాలులో జారే నీటి కింద ఇరుసు మీద ఒరిగే ఒక తొట్టి పెట్టామనుకోండి. తొట్టి నిండుతుంది, బరువుకు ఒరిగి నీళ్లు ఒంపేస్తుంది, ఖాళీ అయ్యాక మళ్లీ నిలబడుతుంది, మళ్లీ నిండుతుంది. తొట్టి ఎన్నిసార్లు పైకి లేచినా నీరు మాత్రం ఎప్పుడూ కిందకే పోతోంది. బెలౌసోవ్ బీకరులో జరిగింది కూడా అలాంటిదే. సిట్రిక్ ఆమ్లం, బ్రోమేట్ నెమ్మదిగా ఖర్చయిపోతూనే ఉంటాయి, అవి వెనక్కి రావు. వెనక్కీ ముందుకీ మారేది మధ్యలో ఉన్న సీరియమే. బ్రోమేట్ దాన్ని పసుపుపచ్చగా మారుస్తుంది, సిట్రిక్ ఆమ్లం ఆ రంగును పోగొడుతుంది. బ్రోమైడ్ అయాన్లు ఎక్కువగా ఉన్నంతసేపు మొదటి పని ఆగి ఉంటుంది, అవి తగ్గగానే ఉధృతంగా మొదలవుతుంది. అసలు పదార్థాలు తగ్గిపోయాక రంగుల ఆట ఆగిపోతుంది. మా ఎగ్జిబిషన్‌లో బీకరు కూడా చివరికి ఆగింది. రెండో నియమానికి ఎక్కడా భంగం కలగలేదు.

ఈ వివరణ అంతా తర్వాత వచ్చింది. బెలౌసోవ్ దగ్గర అప్పుడు ఉన్నది తను చూసిన విషయం ఒక్కటే. ఆయన మరికొన్ని సంవత్సరాలు ఆ చర్య మీదే పనిచేసి, ఇంకా వివరంగా రాసి ఇంకో పత్రికకు పంపాడు. వాళ్లూ కాదన్నారు. ఇక పత్రికల జోలికి పోకూడదనుకున్నాడు. చివరికి 1959లో రేడియేషన్ వైద్యానికి సంబంధించిన ఒక సంకలనంలో చిన్న వ్యాసంగా మాత్రం అచ్చు వేయించాడు. రసాయన శాస్త్రవేత్తలు సాధారణంగా తెరవని పుస్తకం అది.

అయితే ఆయన రాసుకున్న ప్రయోగ విధానం మాస్కో ప్రయోగశాలల్లో చేతులు మారుతూ తిరిగింది. సైమన్ ష్నోల్ అనే జీవరసాయన శాస్త్రవేత్త దాని గురించి విని, బెలౌసోవ్‌ను వెతికి పట్టుకున్నాడు. 1961లో తన దగ్గర పరిశోధన చేస్తున్న అనతోలీ జబోతిన్‌స్కీ అనే కుర్రవాడికి ఆ పని అప్పగించాడు. జబోతిన్‌స్కీ సిట్రిక్ ఆమ్లం బదులు మలోనిక్ ఆమ్లం వాడాడు. తర్వాత ఫెరోయిన్ అనే సూచికతో రంగులు ఎరుపు, నీలంగా స్పష్టంగా కనిపించాయి. నేను చూసింది ఆ రూపాన్నే. పలుచటి పొరగా పళ్లెంలో పోస్తే నీలి వలయాలు ఒకదాని వెనుక ఒకటి అలల్లా పుట్టుకొస్తాయి. 1968లో ప్రాగ్‌లో జరిగిన సదస్సు ద్వారా ఈ సంగతి పడమటి దేశాలకు తెలిసింది. ఇలా సమతాస్థితికి దూరంగా ఉన్న వ్యవస్థల్లో క్రమం ఎలా పుడుతుందో వివరించినందుకు 1977లో ఇల్యా ప్రిగొజీన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. గుండె కండరంలో విద్యుత్ అలలు ఎలా నడుస్తాయో, ఎలా దారి తప్పుతాయో అర్థం చేసుకోవడానికి కూడా ఈ పళ్లెంలోని అలలు పనికొచ్చాయి.

బెలౌసోవ్ 1970లో చనిపోయాడు. ఆయనకూ, జబోతిన్‌స్కీకీ మధ్య ఉత్తరాలు నడిచాయి గాని ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదట. 1980లో జబోతిన్‌స్కీకి, మరికొందరికి సోవియట్ దేశపు అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన లెనిన్ బహుమతి ఇచ్చినప్పుడు ఆ జాబితాలో బెలౌసోవ్ పేరు కూడా చేర్చారు. 1951లో తిరిగొచ్చిన ఆ వ్యాసం అచ్చులో కనిపించింది కూడా ఆయన పోయిన తర్వాతే.

ఇది చదివిన రాత్రి నేను అటక మీద పెట్టెలోంచి ప్రాక్టికల్ ఫైలు తీశాను. దాంతో పాటు నా తమ్ముడి తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకం కూడా తీసుకుని మొదటి పాఠం తెరిచాను. ద్రవం మరిగే ఉష్ణోగ్రతకు ఇచ్చిన నిర్వచనంలో 'వాతావరణ పీడనం వద్ద' అన్న మాటలు ఉన్నాయి. నేను ఆ నిర్వచనం పరీక్షలో అక్షరం పొల్లు పోకుండా రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. ఒక్కసారి కూడా ఆ మాటల దగ్గర ఆగలేదు. మా కొండ ఊరు సముద్రమట్టానికి దాదాపు 1500 మీటర్ల ఎత్తులో ఉంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది, నీరు తక్కువ వేడికే మరుగుతుంది. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ లెక్కన, ఆ ఊళ్లో నీరు మరగవలసింది 95 దగ్గరే! విశాఖలో నా స్నేహితురాలు చూసిన వంద నిజం, కొండ మీద నేను చూసిన తొంభై అయిదూ నిజం. అమ్మ గిన్నెలో మెతుకుకు పలుకు మిగిలింది కూడా అందుకే. జవాబు మా వంటింట్లోనే రోజూ ఉడుకుతున్నా నేను దాన్ని ప్రాక్టికల్ ఫైలు దాకా తీసుకురాలేకపోయాను.

ఆ టీచర్ మీద నాకిప్పుడు కోపం లేదు. నలభై మంది పిల్లలు, నలభై ఫైళ్లు. సంపాదకుడిలాగే ఆయనా నిజమైన నియమాన్నే చెప్పారు, దాని పక్కనున్న షరతును మరిచిపోయారు. నా మీద మాత్రం కొంచెం కోపం ఉంది. బెలౌసోవ్ ఒకసారి కాదంటే ఇంకొన్నేళ్లు అదే పని చేశాడు. నేను రెండోసారి థర్మామీటరు పెట్టి కూడా చూడలేదు. టీచర్ దగ్గరికి వెళ్లి "సర్, ఒకసారి మీరే చూడండి" అని అడగలేదు. అడిగి ఉంటే ఆయన తప్పకుండా చూసేవారేమో! కొత్త క్లాసులో అందరిలో కలిసిపోవాలన్న తొందరలో వంద రాసేశాను.

అయితే బెలౌసోవ్ కథలో నాకు ఎక్కువగా నచ్చిన మనిషి ష్నోల్. కనిపెట్టింది ఆయన కాదు. ఎవరో ఏదో చూశారని విని, నవ్వకుండా, వెతుక్కుంటూ వెళ్లాడు. ఆయనే లేకపోతే ఆ బీకరు కథ ఎవరూ తెరవని పుస్తకంలోనే ఉండిపోయేది. మన స్కూళ్లకు ప్రతి సంవత్సరం ఏదో ఊరి నుంచి ఎవరో ఒకరు కొత్తగా వస్తారు. వాళ్లు చివరి బెంచీలో కూర్చుని, మనకు వింతగా తోచే మాట ఏదో అంటారు. అది తప్పు కావచ్చు. కానీ వాళ్లు ఇంకో ఎత్తు నుంచి, ఇంకో వాతావరణం నుంచి వచ్చారు. నవ్వే ముందు ఒకసారి వాళ్లతో కలిసి థర్మామీటరు చూడటానికి పెద్ద ఖర్చేమీ కాదు.

మొన్న నాన్నగారికి మళ్లీ ఆర్డరు వచ్చింది. నా బోర్డు పరీక్షలు కాగానే బయలుదేరాలి. అమ్మ అప్పుడే అట్టపెట్టెలు పోగు చేయడం మొదలుపెట్టింది. పాత పుస్తకాలు విడిగా పెడుతూ, ఈసారైనా ఆ ఫైలు ఇస్తావా అని అడిగింది. ఇవ్వనన్నాను. ఆ పేజీ తీసి, 100 ను కొట్టేయకుండా, దాని పక్కన పెన్నుతో 95 అని రాశాను. కింద ఇంకో వరస చేర్చాను: ప్రయోగం చేసిన చోటు సముద్రమట్టానికి సుమారు 1500 మీటర్ల ఎత్తు.

అమ్మ అది చూసి, "మరి కొత్త ఊరు ఎంత ఎత్తులో ఉందో చూడు, అన్నం సంగతి ముందే తెలుసుకోవాలి" అంది.

(పన్నెండవ తరగతి విద్యార్థిని)